పరాన్నజీవి: ఈ మాటలో 'అన్నం' ఎందుకుంది? మిగతా భాషల్లో దీన్ని ఏమంటారు?

బయాలజీ_టీచర్ · సోమవారం, రాత్రి 8:40

అందరికీ నమస్తే. ప్రభుత్వ పాఠశాలలో తెలుగు మీడియం పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ఈ వారం పోషణ పాఠం నడుస్తోంది. కస్కుటా అనే తీగ బొమ్మ వేసి, రసం పీల్చే దాని చూషకాలు అది పట్టిన మొక్క (అతిథేయి) కాండంలోకి ఎలా దిగుతాయో చెప్పి, తర్వాత జలగ, పేను, ఏలికపాము దగ్గరికి వచ్చాం. ఒక అమ్మాయి లేచి, "టీచర్, జలగ రక్తం తాగుతుంది, కస్కుటా రసం పీలుస్తుంది. ఏదీ అన్నం తినదు. మరి పరాన్నజీవి అని ఎందుకన్నారు?" అని అడిగింది.

పర + అన్న + జీవి, అంటే ఇతరుల ఆహారం మీద బతికేది అని చెప్పాను. పిల్ల ఒప్పుకుంది కానీ నాకు తృప్తి కలగలేదు. ఈ మాట సైన్సు కోసం కొత్తగా అల్లిందా, ముందు నుంచీ ఉందా? వేరే భాషల వాళ్లు దీన్ని ఎలా అంటారు? తెలిసినవాళ్లు వివరంగా రాస్తే క్లాసులో చదివి వినిపిస్తాను.

పాతపుస్తకాలు · సోమవారం, రాత్రి 9:25

టీచర్ గారూ, ఆ అమ్మాయికి నా తరఫున శభాష్ చెప్పండి.

మనం అన్నం అంటే ఉడికిన బియ్యం అనుకుంటాం కానీ, సంస్కృతంలో 'అద్' అంటే తినడం, తినబడేది ఏదైనా అన్నమే. తైత్తిరీయ ఉపనిషత్తులో ఇంకో మెట్టు పైకెక్కి, తినబడుతుంది, ప్రాణులను తింటుంది కూడా, కాబట్టి దానికి అన్నమని పేరు అన్నారు. జలగకు మన రక్తమే అన్నం. ఆ లెక్కన మాటలో తప్పేమీ లేదు.

రెండో ప్రశ్న ఇంకా ఆసక్తికరమైంది. జీవి అనే తోక కొత్తగా చేరింది కానీ మిగతా భాగం చాలా పాతది. పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో 'పరాన్నః పరపిండాదః' అని ఉంది. ఇతరుల తిండి తినేవాడు అని అర్థం. అక్కడ చెప్పింది పురుగు గురించి కాదు, మనిషి గురించి. ఆ పక్కనే ఆబగా తినేవాడికి, తన పొట్ట మాత్రమే నింపుకునేవాడికి కూడా పేర్లున్నాయి. ఆత్మంభరి, కుక్షింభరి అనే మాటలు అక్కడివే.

పరాన్నం మీద పెద్దలు చెప్పుకునే చాటు శ్లోకం ఒకటుంది. ఓరి తెలివితక్కువవాడా, పరాన్నం దొరికినప్పుడు ఒంటి మీద జాలి పడకు, ఒళ్లు మళ్లీ మళ్లీ వస్తుంది గానీ పరాన్నం దొరకడం కష్టం అని దాని భావం. పంక్తిలో కూర్చున్న మనిషిని ఉద్దేశించి పుట్టిన ఈ మాటను తర్వాత సైన్సు పుస్తకాలు రాసినవాళ్లు పేనుకూ నులిపురుగుకూ తగిలించారు.

చరిత్ర_విద్యార్థి · సోమవారం, రాత్రి 10:10

పాతపుస్తకాలు గారు చెప్పిన దారిలోనే గ్రీకు మాట కూడా నడిచింది. ఇంగ్లీషు పారసైట్‌కు మూలం గ్రీకు 'పారాసితోస్'. పారా అంటే పక్కన, సితోస్ అంటే ధాన్యం, తిండి. పక్కన కూర్చుని తినేవాడు అన్నమాట.

మొదట్లో అది తిట్టు కానే కాదు. ఏథెన్సులో కొన్ని గుళ్లకు పారాసితోయి అనే పదవి ఉండేది. కైనోసార్గెస్‌లో హెరక్లీస్ గుడి, పల్లేనేలో ఎథీనా గుడి అలాంటివి. దేవుడి ధాన్యం వసూలు చూసుకోవడం, బలి జరిగినప్పుడు అర్చకులతో కలిసి భోజనానికి కూర్చోవడం వాళ్ల పని. క్రీ.శ. 200 ప్రాంతంలో అథెనాయోస్ అనే రచయిత పాత శాసనాలూ నాటకాలూ తిరగేసి, ఇప్పుడు నీచంగా వినిపించే ఈ మాట ఒకప్పుడు పవిత్రమైనదని రాశాడు.

దాన్ని దించింది హాస్య నాటకాలు. ధనికుడి ఇంట్లో విందుకు చేరి, అతను చెప్పిన ప్రతిదానికీ తలూపి, పొట్ట నింపుకునే పాత్రకు ఆ పేరు స్థిరపడింది. రోములో ప్లౌటస్ నాటకాల్లో ఈ పాత్ర తరచూ కనిపిస్తుంది. ఒకడి పేరు పెనికులస్, అంటే తుడిచే బ్రష్. తినడం మొదలుపెడితే బల్ల మొత్తం తుడిచిపెట్టేస్తాడని కుర్రాళ్లు ఆ పేరు పెట్టారట. ప్లౌటస్ క్రీ.పూ. 184లో చనిపోయాడు. మొక్కలకూ పురుగులకూ ఈ పేరు పెట్టింది అంతా అయ్యాక, ఎన్నో శతాబ్దాల తర్వాత.

గొర్రెల_డాక్టర్ · మంగళవారం, ఉదయం 6:50

బాగుంది గానీ, ఊళ్లో ఎవరూ పరాన్నజీవి అనరు. నేను అనంతపురం వైపు పశువైద్యం చేస్తాను. మా దగ్గర మాట 'నట్టలు'. "సార్, నట్టల మందు ఎప్పుడు తాపుతారు?" అని అడుగుతారు. కడుపులో గుండ్రటి పురుగులైనా, బద్దెపురుగులైనా, కార్జంలో జలగలైనా అన్నీ ఆ మాటలోకే వస్తాయి. శాఖ పోస్టర్ల మీద కూడా నట్టల నివారణ అనే ఉంటుంది. ఒంటి పైన ఉండేవాటికి మాత్రం వేరే పేర్లు: పేలు, గోమార్లు, పిడుదులు.

కాపరికి ఆ పేరుతో పాటు లక్షణాలు కూడా తెలుసు. గొర్రె కింది కనురెప్ప లాగి చూస్తాడు. లోపల ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయి ఉంటే నట్టలు పట్టాయంటాడు. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడితే ముదిరిందంటాడు. చచ్చిన గొర్రె నాలుగో పొట్ట కోసి చూస్తే, ఎరుపు తెలుపు చారలు మెలివేసినట్టున్న సన్నటి పురుగులు వందల్లో కనిపిస్తాయి. ఎరుపు అవి తాగిన రక్తం, తెలుపు వాటి అండాశయం. క్లాసులో పరాన్నజీవి అనే మాటతో పాటు నట్టలు, పిడుదులు, గోమార్లు కూడా బోర్డు మీద రాయండి టీచర్ గారూ. గొర్రెలున్న ఇళ్ల పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్లే మిగతాది చెప్పేస్తారు.

చార్మినార్_చాయ్ · మంగళవారం, ఉదయం 9:15

ఉర్దూలో పారసైట్‌ను తుఫైలీ అంటారు. అరబీ నుంచి వచ్చింది. దీని వెనక ఒక మనిషి ఉన్నాడు.

కూఫా నగరంలో తుఫైల్ అనే ఆయన ఉండేవాడట. ఎక్కడ పెళ్లి విందు జరిగినా పిలుపు లేకుండా వెళ్లి కూర్చునేవాడు. జనం ఆయన్ను పెళ్లిళ్ల తుఫైల్ అనేవారు. ఆయన పేరు నుంచే పిలవకుండా వచ్చే అతిథికి తుఫైలీ అని పేరొచ్చింది. ఇలాంటివాళ్ల కథలూ కవితలూ, వాళ్లు చెప్పే సాకులూ ఏరి 11వ శతాబ్దంలో అల్ ఖతీబ్ అల్ బగ్దాదీ ఏకంగా ఒక పుస్తకమే కూర్చాడు. ఆయన మామూలు హాస్యకారుడు కాదు, హదీసు పండితుడు, 1071లో చనిపోయాడు. ఇప్పుడు అరబ్బు దేశాల మెడికల్ కాలేజీల్లో పరాన్నజీవుల శాస్త్రానికి పేరు ఇల్మ్ అల్ తుఫైలియ్యాత్. మలేరియా క్రిమి కూడా ఆ పెళ్లిళ్ల తుఫైల్ పేరే మోస్తోంది.

మన తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయేది పిలవని పేరంటం.

హైదరాబాద్ ఉర్దూలో ఇదే మాట గౌరవంగా కూడా వాడతాం. "ఆప్ కే తుఫైల్" అంటే మీ దయ వల్ల, మీ పుణ్యాన అని. నిన్ను ఆనుకుని నాకూ మేలు జరిగింది అనే భావం. మా నానమ్మ దువా చేసేటప్పుడు ఈ మాట లేకుండా ముగించేది కాదు. ఒక్క మాటలోనే కృతజ్ఞత, నింద రెండూ పక్కపక్కన ఉండటం నాకు చాలా ఇష్టం.

మదరాసు_తెలుగు · మంగళవారం, ఉదయం 11:30

తమిళంలో ఒట్టుణ్ణి అంటారు. ఒట్టు అంటే అంటుకోవడం, ఉణ్ణి అంటే తినేది. అతుక్కుని తినేది అన్నమాట. కుక్కల మీద ఉండే పిడుదును కూడా ఉణ్ణి అనే అంటారు కాబట్టి మాట వినగానే బొమ్మ కళ్ల ముందుకొస్తుంది. మలయాళం పుస్తకాల్లో పరాదం, పైన చెప్పిన 'అద్' ధాతువే. కన్నడలో పరావలంబి. హిందీ, బెంగాలీల్లో పరజీవి, అందులో తిండి ప్రస్తావన లేదు.

మనుషుల్ని అనాల్సి వస్తే మాత్రం దక్షిణాదిలో, మరాఠీలో కూడా, చెట్టు మీద మొలిచే మొక్క పేరు ఎత్తుకుంటారు. మలయాళంలో ఇత్తిళ్‌కణ్ణి, తమిళంలో పుల్లురువి, మరాఠీలో బాండ్‌గూళ్. మూడూ ఒకే రకం మొక్కలు, తెలుగులో బదనిక అంటామే, అవే. బెంగాలీలో పరగాఛా. ఇంటి అల్లుణ్ణో, పార్టీ పెద్ద వెనక తిరిగేవాణ్ణో ఆ పేరుతో అంటారు. తెలుగులో బదనిక అని ఎవరినైనా తిట్టడం నేను వినలేదు. మనకు జలగ ఉంది కాబట్టి దాంతో సరిపెట్టుకున్నామేమో.

పాతపుస్తకాలు · మంగళవారం, మధ్యాహ్నం 12:05

బదనిక పేర్లు కూడా అమరకోశంలో ఉన్నాయి: వందా, వృక్షాదనీ, వృక్షరుహా, జీవంతికా. వృక్షాదని అంటే చెట్టును తినేది, వృక్షరుహ అంటే చెట్టు మీద మొలిచేది. వందా నుంచే హిందీ బాందా.

ఇంకో విచిత్రం చూడండి. కోకిలకు అమరంలో పరభృతం అని పేరు, ఇతరులు పెంచినది అని. కోకిల కాకి గూట్లో గుడ్డు పెట్టే సంగతి అప్పటికే అందరికీ తెలుసు. కాళిదాసు శాకుంతలంలో దుష్యంతుడు నిండు సభలో శకుంతలను అనుమానిస్తూ, ఆడ కోకిలలు తమ పిల్లల్ని వేరే పక్షుల చేత పెంచుతాయి కదా అంటాడు. అంత కఠినమైన చోట తప్ప, మన కవులు పరభృతం అన్నది తీయటి గొంతుకే. జీవశాస్త్రం లెక్కలో కోకిల కూడా పరాన్నజీవే, గూటి పరాన్నజీవి. దానికి దక్కింది పొగడ్త, జలగకు దక్కింది తిట్టు.

పొగాకు_రైతు_ఒంగోలు · మంగళవారం, మధ్యాహ్నం 2:20

మా పొలాల్లో ఉండే దాని గురించి ఎవరూ రాయలేదు. పొగాకు మల్లె. కొందరు బోడు అంటారు. సైన్సు పేరు ఒరబాంకి. తమిళంలో పొగయిలై కాళాన్, అంటే పొగాకు పుట్టగొడుగు అంటారని ఒక శాస్త్రవేత్త చెప్పారు. ఉత్తరాదిలో ఆవ చేలో వస్తుంది, అక్కడ సర్సోం బాందా.

బదనికకు ఆకులన్నా పచ్చగా ఉంటాయి, నీళ్లూ లవణాలే తీసుకుంటుంది, తిండి తానే వండుకుంటుంది. దీనికి పచ్చదనమే ఉండదు. పొగాకు వేరుకు అంటుకుని నేల లోపలే పెరిగి, ఒకరోజు మొదలు దగ్గర తెల్లగా, కాస్త పసుపుగా మొనలు పొడుచుకొస్తాయి. అవి కనబడే సరికే మొక్క సగం బలం పోయి ఉంటుంది. పూత రాకముందే పీకి చేను బయట తగలబెట్టాలి. విత్తనం ధూళిలా ఉంటుంది, ఒక్క మొక్కకే లక్షల్లో రాలుతుంది. ఏళ్ల తరబడి మట్టిలో పడి ఉండి, పొగాకు వేసిన ఏడాది మొలుస్తుంది. పెసరో జొన్నో వేస్తే పైకి రాదు. దానికి ఎలా తెలుస్తుంది పైన ఉన్నది పొగాకేనని?

అగ్రి_విస్తరణ · మంగళవారం, సాయంత్రం 5:45

అన్నా, మంచి ప్రశ్న అడిగారు. వేళ్ల నుంచి స్ట్రైగోలాక్టోన్ అనే పదార్థాలు చాలా కొద్ది మోతాదులో మట్టిలోకి వస్తాయి. ఆ వాసన తగిలితేనే మల్లె విత్తనం మొలకెత్తుతుంది. ఈ రకం పదార్థం ఒకటి 1966లోనే దొరికింది. అయితే తనకు చెరుపు చేసేదాన్ని మొక్క ఎందుకు పిలుస్తుందో అప్పుడు అర్థం కాలేదు. 2005లో జపాన్ శాస్త్రవేత్తలు విడమరిచారు. మొక్క పిలిచేది మల్లెను కాదు. భాస్వరం తెచ్చిపెట్టే మైకోరైజా అనే మిత్ర శిలీంధ్రాన్ని. నేలలో భాస్వరం తక్కువైతే పిలుపు పెరుగుతుంది. ఆ పిలుపు విని ఒరబాంకి, జొన్నలో వచ్చే స్ట్రైగా అనే ఇలాంటి కలుపు మొక్క కూడా లేచి వస్తాయి.

చార్మినార్_చాయ్ గారు చెప్పిన తుఫైల్ కథ నాకు ఇక్కడే గుర్తొచ్చింది. విందు ఇంకొకరికి, సందడి విని వచ్చేది ఇది.

చలిదేశం · మంగళవారం, రాత్రి 11:50

ఫిన్లాండ్ నుంచి. ఇక్కడి భాషలో పరాన్నజీవి అంటే లోయినెన్. మా ఆఫీసులో ఒక పెద్దాయన చెప్పే దాకా దీని పాత అర్థం నాకు తెలియదు. వందేళ్లకు పైబడిన చర్చి రిజిస్టర్లలో మనుషుల పేర్ల పక్కన వృత్తి దగ్గర లోయినెన్ అని రాసి ఉంటుంది. భూమి, సొంత ఇల్లు లేక, ఎవరో రైతు ఇంట్లో ఒక మూల తలదాచుకుని, బదులుగా పని చేసిపెట్టే బీదవాళ్లను అలా రాసేవారు. మన తెలుగులో ఒకరి పంచన బతకడం అంటామే, అది. వంశవృక్షం వెతుక్కునే వాళ్లకు ముత్తాత పేరు పక్కన ఈ మాట కనిపిస్తుంది. పరాన్నజీవి ఉండే జీవిని ఇప్పటికీ ఇసాంతా అంటారు, ఇంటి యజమాని అని అర్థం.

చైనీస్, జపనీస్, కొరియన్, వియత్నామీస్ నాలుగింటా ఒకటే అల్లిక. ఒకరి దగ్గర బస చేసి బతికే పురుగు అని. జపనీస్‌లో బదనిక జాతి మొక్కకు యాదొరిగి అని పేరు, బస చేసే చెట్టు. అమ్మానాన్నల ఇంట్లోనే ఉండిపోయే పెళ్లికాని ఉద్యోగులకు 1990ల చివర్లో అక్కడ 'పారసైట్ సింగిల్స్' అనే పేరు పెట్టారు. ఆ పేరు చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. మన దగ్గర కొడుకు అమ్మానాన్నలతో ఉంటే బాధ్యత గలవాడంటారు.

బయాలజీ_టీచర్ · బుధవారం, ఉదయం 7:10

ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు. ఒక్కొక్కరికీ పేరు పేరునా ధన్యవాదాలు.

అతిథేయి అని మేం బోర్డు మీద రాసే మాట కూడా ఈ వరసలోదేనని ఇప్పుడు తట్టింది. అతిథికి ఆతిథ్యం ఇచ్చేది. అంటే పేను మన తల మీదికి వచ్చిన అతిథి! ఇంకో సందేహం. సహభోజిత్వం అని ఒక పదం వస్తుంది, ఒకదానికి లాభం, రెండోదానికి లాభనష్టాలు లేవు అని. ఇది కూడా భోజనాల బల్ల దగ్గరిదేనా?

చరిత్ర_విద్యార్థి · బుధవారం, ఉదయం 8:00

అవును మేడమ్. ఇంగ్లీషు కమెన్సలిజం లాటిన్ నుంచి వచ్చింది, మెన్సా అంటే బల్ల. ఒకే బల్ల దగ్గర తినేవాళ్లు. బెల్జియం జంతుశాస్త్రవేత్త వాన్ బెనెడెన్ 1875లో తెచ్చిన పుస్తకంలో జంతువుల్ని సహభోజకులు, పరస్పరం సాయపడేవి, పరాన్నజీవులు అని విడగొట్టాడు. సహజీవనం అనే అర్థంలో సింబయాసిస్‌ను జర్మన్ వృక్షశాస్త్రవేత్త డి బారీ 1879లో ప్రచారంలోకి తెచ్చాడు. అప్పట్లో కార్మికుల పరస్పర సహాయ సంఘాలు యూరప్‌లో బాగా నడుస్తున్నాయి. మనుషుల సంబంధాల్లోని మాటలే ఏరి పురుగులకు పెట్టారు.

అయితే ఆ మాటలు అక్కడితో ఆగలేదు. నన్ను కలవరపెట్టేది అదే. పురుగుకు పెట్టాక మళ్లీ మనిషి మీదికి తిప్పారు, ఈసారి తిట్టుగా కూడా కాదు, శాస్త్రం ముద్ర వేసి. నాటకంలో పారాసితోస్ నవ్వుకునే పాత్ర, వాణ్ణి చంపాలని ఎవరూ అనరు. పురుగైతే మందు కొట్టి చంపుతారు. నాజీలు యూదుల్ని జాతి ఒంటి మీది పరాన్నజీవులని ఏళ్ల తరబడి రాశారు, ఉపన్యాసాల్లో చెప్పారు. వాళ్ల ఆష్‌విట్జ్ మరణ శిబిరంలో గ్యాస్ గదుల్లో వాడిన జైక్లాన్ బి అసలు పేలనూ పురుగులనూ చంపే మందు. మాట ముందు నడిచింది, మందు దాని వెనక వచ్చింది.

చలిదేశం · బుధవారం, మధ్యాహ్నం 1:30

రష్యన్‌లో తునెయాదెత్స్ అంటే ఊరికే తినేవాడు. మనం తేరగా తినడం అంటామే, సరిగ్గా అదే. 1961 మే 4న అక్కడ ఏకంగా చట్టం వచ్చింది, పని చేయకుండా తిరిగేవాళ్లను దూర ప్రాంతాలకు పంపి పని చేయించవచ్చని. 1964లో లెనిన్‌గ్రాడ్‌లో జోసెఫ్ బ్రాడ్‌స్కీ అనే కుర్ర కవిని ఈ నేరం కిందే కోర్టులో నిలబెట్టారు. నిన్ను కవుల్లో ఎవరు చేర్చారు అని జడ్జి అడిగితే, నన్ను మనుషుల్లో ఎవరు చేర్చారు అని ఆయన బదులిచ్చాడు. ఐదేళ్లు ప్రవాస శిక్ష వేసి ఉత్తరాన ఆర్ఖాంగెల్స్క్ ప్రాంతానికి పంపారు. దేశ విదేశాల్లో గొడవ కావడంతో 1965లో వదిలారు. 1987లో ఆయనకు నోబెల్ వచ్చింది.

తేలికైన సంగతి కూడా ఒకటి. రష్యన్‌లో పరాన్నజీవి మాటలు అని ఒక పలుకుబడి ఉంది. మాట్లాడేటప్పుడు అర్థం లేకుండా దొర్లే మాటలన్నమాట, మనం అంటే... అదే... మరి... అంటుంటామే, అవి. ఫ్రెంచ్‌లో, టర్కిష్‌లో రేడియోలో వచ్చే గరగర శబ్దానికి కూడా పారసైట్ అనే పేరు.

గొర్రెల_డాక్టర్ · బుధవారం, రాత్రి 7:20

చరిత్ర_విద్యార్థి గారి ఆవేదన అర్థమైంది. కానీ తప్పు మాటది కాదండీ. జీవశాస్త్రంలో పరాన్నజీవి అనేది నింద కాదు, బతికే పద్ధతుల్లో ఒకటి, అంతే. భూమ్మీద ఉన్న జీవజాతుల్లో పెద్ద భాగం ఏదో ఒక దశలో ఇలాగే బతుకుతాయి. మేం మందు వేసినప్పుడు కూడా నట్టల మీద కోపంతో వేయం.

చరిత్ర_విద్యార్థి · బుధవారం, రాత్రి 8:05

డాక్టర్ గారూ, మీ చేతిలో అది నింద కాదు, ఒప్పుకుంటాను. అయితే ఆ మాట ఏ రోజూ పూర్తిగా ల్యాబ్‌లోది కాలేదు. అమరకోశం కాలం నుంచీ మనిషిదే. పెన్షన్ తీసుకునే ముసలమ్మను, పని దొరకని కుర్రాణ్ణి, పక్క రాష్ట్రం నుంచి వచ్చిన కూలీని ఎవరైనా పరాన్నజీవులు అన్నప్పుడు అది మీ ల్యాబ్ అర్థంలో వినబడదు. కనురెప్ప లాగి చూడకుండానే రోగం తేల్చేసినట్టు ఉంటుంది.

చార్మినార్_చాయ్ · బుధవారం, రాత్రి 8:30

నాకు ఇద్దరి మాటల్లోనూ పేచీ ఉంది. ఒకరి అన్నం తిని బతకడం మన సమాజంలో ఎప్పుడూ సిగ్గు కాదు. వారాలు చేసుకుని చదువుకున్నవాళ్లు ఎంతమంది లేరు? సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో భోజనం చేసి బడికెళ్లి పెద్ద ఉద్యోగాలకెళ్లిన తరం ఉంది మనకు. మా వైపు మదర్సా పిల్లలకు వాడలో ఇళ్ల నుంచి క్యారియర్లు వెళ్లేవి. పెట్టినవాళ్లు పుణ్యం అనుకున్నారు, తిన్నవాళ్లు రుణం అనుకున్నారు. గ్రీకుల గుళ్లలో పారాసితోస్ కూడా అలా గౌరవంగా తిన్నవాడే కదా. ఆ గౌరవం ఊడగొట్టి తిట్టుగా మార్చింది పెట్టే స్తోమత ఉండి చెయ్యి రానివాళ్లేనని నా నమ్మకం.

పాతపుస్తకాలు · బుధవారం, రాత్రి 9:40

వారాల సంగతి బాగా గుర్తు చేశారు. అయితే తిన్నవాళ్లందరూ సంతోషంగా తినలేదండీ. వారాల పిల్లలకు చివరి పంక్తిలో, చల్లారిన అన్నం పెట్టిన ఇళ్లు కూడా ఉన్నాయి. మా తాతగారు ఆ రోజుల గురించి అడిగితే ఒక ఇంటి పేరు ఆప్యాయంగా చెప్పేవారు, ఇంకో ఇంటి గురించి నోరు విప్పేవారు కాదు. 'తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు' అనే సామెత కూడా మనదే. పరాన్నం దగ్గర మన భాషకు రెండు మనసులూ ఉన్నాయి.

వేదిక_నిర్వహణ · బుధవారం, రాత్రి 10:00

చర్చ చక్కగా సాగుతోంది. ఇప్పటి పార్టీల, నాయకుల ప్రస్తావన ఉన్న రెండు వ్యాఖ్యలు తీసేశాం. మాటల చరిత్ర వరకే ఉంచుదాం.

గొర్రెల_డాక్టర్ · గురువారం, ఉదయం 6:30

టీచర్ గారి పిల్లల కోసం ఇంకొకటి. నారికురుపు అనే పేరు ఇప్పటి పిల్లలెవరూ విని ఉండరు. దిగుడు బావుల నీళ్లలో ఉండే కంటికి ఆనని నీటి ఈగలతో పాటు పిల్ల పురుగు కడుపులోకి పోయేది. దాదాపు ఏడాదికి కాలి మీద బొబ్బ లేచి, పగిలి, తెల్లటి దారం లాంటి పురుగు తల బయట పెట్టేది. లాగితే తెగిపోతుంది, తెగితే కాలు వాచి చీము పడుతుంది. అందుకని చిన్న పుల్లకు చుట్టి రోజుకు కాస్త కాస్తగా తిప్పేవాళ్లు, వారాల తరబడి. రాజస్థాన్‌లో దాన్ని నారూ అంటారు. మన దేశంలో చివరి కేసు 1996 జూలైలో జోధ్‌పూర్ జిల్లాలో నమోదైంది, 2000 ఫిబ్రవరిలో దేశం నుంచి పోయిందని ప్రకటించారు. టీకా లేదు, చంపే మందు లేదు. నీళ్లు గుడ్డతో వడగట్టుకుని తాగడం, దిగుడు బావుల్లో కాలు పెట్టకుండా చూడటం, ఇలాంటి జాగ్రత్తలతోనే పోయింది. ఒక మాట వాడుకలోంచి పోయినందుకు నేను సంతోషించేది ఈ ఒక్కదాని విషయంలోనే.

అగ్రి_విస్తరణ · గురువారం, ఉదయం 10:15

బదనిక తెలుగులో తిట్టుగా వినలేదని మదరాసు_తెలుగు గారు అన్నారు. మా శాఖలో అయితే అది మంచి మాట. చెట్టు మీది బదనిక పేరునే మేం పురుగుల్ని తినే పురుగులకు కూడా పెట్టుకున్నాం. ట్రైకోగ్రామా అనే కంటికి కనీ కనబడని కందిరీగ ఉంది. కాండం తొలుచు పురుగు గుడ్డు లోపల తన గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డులోంచి పిల్ల పురుగు బదులు ఈ కందిరీగ బయటికొస్తుంది. దాన్ని గుడ్డు బదనిక అంటాం. ట్రైకో కార్డులుగా ఆకుల కింద పిన్ను కొట్టమని వరి, చెరకు రైతులకు చెబుతాం. మందు కొట్టిన చేలో పెట్టకూడదు, చచ్చిపోతాయి.

బొప్పాయి తోటల్ని పిండినల్లి తినేసిన రోజులు రైతులకు గుర్తుంటాయి. 2010లో పోర్టోరికో నుంచి ఎసిరోఫేగస్ అనే బదనికను తెప్పించి, బెంగళూరులో పెంచి వదిలారు. కొద్ది కాలంలోనే పిండినల్లి అదుపులోకి వచ్చింది. పరాన్నజీవి వచ్చిందంటే ఆ ఊళ్లలో రైతులు ఊపిరి పీల్చుకున్నారు.

పొగాకు_రైతు_ఒంగోలు · గురువారం, మధ్యాహ్నం 12:40

సార్, మల్లెను తినే బదనిక ఏదైనా ఉంటే అది కూడా పంపండి.

అగ్రి_విస్తరణ · గురువారం, మధ్యాహ్నం 1:05

మల్లె గింజల్ని తొలిచే ఒక రకం ఈగ మీద విదేశాల్లో పని జరిగింది అన్నా. మన దగ్గర రైతు చేతికి వచ్చే స్థాయిలో లేదు. ప్రస్తుతానికి పూతకు ముందే పీకడం, పంట మార్చడం, ఈ రెండూ వదలొద్దు. పీకినవి గట్టు మీద పారేయకండి, కాయ అక్కడ కూడా పండుతుంది.

బయాలజీ_టీచర్ · గురువారం, రాత్రి 8:15

అన్నీ ప్రింటు తీసుకున్నాను. ఆ అమ్మాయికి ముందు అమరకోశం సంగతి, తర్వాత తుఫైల్ కథ చెబుతాను. నాజీల గురించి పదో తరగతి పిల్లలకు చెప్పాలి, సాంఘిక శాస్త్రం మాస్టారితో కలిసి చెబుదామనుకుంటున్నాను.

మా బడి పక్కన మామిడి తోటలో బదనిక చాలా పట్టింది. ఒక కొమ్మ కోసి క్లాసులో చూపించాలని ఉంది. చూషకం లోపలికి దిగింది కనబడాలంటే ఎక్కడ కోయాలి?

అగ్రి_విస్తరణ · గురువారం, రాత్రి 8:50

మేడమ్, బదనిక మామిడి కొమ్మకు అతుక్కున్న చోట బుడిపె కడుతుంది. ఆ బుడిపెకు జానెడు కింద, మొదలు వైపు కోయించండి. అలా కోస్తే చెట్టుకు కూడా మేలు, బుడిపె మిగిలితే మళ్లీ చిగురిస్తుంది. తెచ్చాక బుడిపెను నిలువుగా రెండుగా చీల్చి తడి గుడ్డతో తుడవండి. మామిడి చెక్క, బదనిక చెక్క రంగులో తేడా ఉంటుంది, ఒకదాంట్లోకి ఒకటి ఎంత లోతుకు దిగిందో పిల్లలకు గీత గీసినట్టు కనబడుతుంది. పండ్లు దొరికితే ఒకటి నలిపి చూపించండి. గింజ చుట్టూ జిగురుంటుంది. చిన్న పిట్టలు ఆ పండు తిని గింజను కొమ్మకు రుద్దేసి పోతాయి, అది అక్కడే అంటుకుని మొలుస్తుంది. తోట యజమానిని అడిగితే సంతోషంగా కోసిస్తాడు, ఎన్ని కావాలంటే అన్ని.